బాకీ పేజీ

మా సారు మీద సినిమా వచ్చిందని
బాలమణమ్మని వెంటబెట్టుకుని మాట్నీకి వెళ్లాను.
క్రాస్ రోడ్స్‌లో దిగేసరికి ఎండ నడినెత్తిన.
పోస్టర్లో సారు ఆకాశంలోకి చూస్తున్నాడు.
పనిచేసిన ఆరేళ్లలో ఆయన
ఫోన్లోకి తప్ప ఎటైనా చూడగా నేను చూడలేదు.

పేరు పడగానే ఈలలు.
ముందు వరసలో అమీర్‌పేట కోచింగ్ పిల్లలు,
మెడల్లో ఐడీ కార్డులు ఇంకా తీయలేదు.
"నిద్ర అప్పులాంటిది, ఎగ్గొట్టినవాడే పైకొస్తాడు"
అని హీరో అనగానే
ఒకడు ఫోన్ వెలిగించి డైలాగు రాసుకున్నాడు.
వాడి పక్కవాడు అప్పటికే నిద్రపోయాడు.

నా వెనక ఒక తండ్రి, పదో తరగతి కొడుకుతో:
"చూడు, జర చూడు, ఇట్లుండాలె."
కొడుకు పాప్‌కార్న్ నములుతూ
"డాడీ, ఆయనకి ట్యూషన్ లేదా?"

తల్లి గాజులమ్మే సీను.
హాలంతా ముక్కు చీదింది.
నా కళ్లూ తడిశాయి, అబద్ధం చెప్పను,
వాళ్లమ్మ బ్యాంకు మేనేజరని తెలిసి కూడా.

తర్వాత, ఆలోచన పుట్టే సీను.
అర్ధరాత్రి, దుర్గం చెరువు తీగల వంతెన, వాన,
నలభై వయొలిన్లు.
(ఆ వంతెన అప్పటికి కట్టనేలేదు.)
హీరో చెయ్యి చాపితే చినుకులన్నీ అంకెలై
ఊళ్లోని ప్రతి చిల్లర కొట్టు లెక్కా
ఒక ఫోన్లోకి కారుతుంది.
లేచి నిలబడి చప్పట్లు.
నేనూ కొట్టబోయి ఆగాను.

నాకు తెలిసిన పుట్టుక వేరు.
కుషాయిగూడ, ఫ్యాక్టరీ గేటు ఎదురుగా
రేకుల కింద బాలమణమ్మ టిఫిన్ బండి.
నెలాఖరు. మేం నలుగురం, చేతుల్లో ఇడ్లీ ప్లేట్లు.
ఆమె చేతి నూనె కొంగుకి తుడుచుకుని
నోటుబుక్కుని మావైపు తిప్పి పెట్టింది.
మాట లేదు. వేలు మాత్రం ఒక గీత మీద.
మూడువేల నాలుగువందల ఇరవై.
సారు ఆ పేజీని ఫోటో తీశాడు.
బాకీ తీరుస్తాడనుకున్నాం.
ఆ రాత్రి నా చేత అదే పేజీ టైపు చేయించాడు.
మా సాఫ్ట్‌వేర్‌లో మొదటి ఖాతా అట్లా తెరుచుకుంది,
ఎర్ర అక్షరాల్లో, ఆమె రాసుకున్నట్టే:
అద్దాల పిలగాడు.

ఇంటర్వెల్‌లో సమోసాలు నేనే కొన్నాను.
"ఎంతయినయి?" అంది.
చెప్తే, పెదవులతో రెండుసార్లు అనుకుంది.

రెండో సగంలో ఆమె తెరమీదికొచ్చింది.
అంటే, తెల్లగడ్డం తాతయ్యగా వచ్చింది.
"బాకీ గీకీ వద్దు బిడ్డా, ఎదుగు" అని
తాతయ్య హీరో నెత్తిన చెయ్యి పెట్టాడు.
మళ్లీ ముక్కులు.
బాలమణమ్మ సీట్లోంచి ముందుకు వంగింది.
"గదేంది, చట్నీ గట్ల పోస్తరా?
ఇడ్లీ మునిగిపాయె."
ఇంకేమీ అనలేదు.

మమ్మల్ని తీసేసిన రోజు కూడా ఉంది సినిమాలో.
నూట నలభై మందిమి,
ఒక లిఫ్టు తలుపు మూసుకోవడం.
మూసుకున్న తలుపు స్టీలులో
హీరో తన మొహం చూసుకున్నాడు, బాధగా.
"పాపం" అంది నా కుడిపక్క సీటు.
ఎవరిని అన్నదో చీకట్లో తెలియలేదు.

బయట, మెట్రో మెట్ల కింద
కోచింగ్ పిల్లలు డైలాగు ఒకరికొకరు
అప్పజెప్పుకుంటున్నారు.
ఉండబట్టలేక అడిగాను:
"అమ్మా, ఆ నోటుబుక్కు ఉందా?
నీ పేజీలోంచే వచ్చింది ఇదంతా."
ఆమె మోకాలు పట్టుకుని మెట్టు మీద ఆగింది.
"అట్ట ఉన్నదేమో. కాయితాలన్నీ బజ్జీలకు చింపిన."
"సారు బాకీ తీర్చాడా మరి?"
"అద్దాల పిలగాళ్లు ముగ్గురుంటిరి.
ఎవడో తీర్చిండు."

రైలు వచ్చే చప్పుడు.
నడుముకి దోపుకున్న సంచీ విప్పి
నా అరచేతిలో సమోసా డబ్బులు లెక్కపెట్టింది,
రూపాయి బిళ్లలతో సహా.
"వద్దులే అమ్మా" అంటే
వేళ్లు మూసి గట్టిగా నొక్కింది.
"ఉంచుకో. మళ్ల రాసుకునుడెందుకు."